ఆంజినమ్మ పలకని రోజులు

ముదిగుబ్బకు ఎగువన సంగాలకుంట అనే ఊళ్లో ఆంజినమ్మ గొంతు ఎరగని మనిషి లేడు. ఆమె గొర్రెల తిప్పయ్య కూతురు. ఎనిమిదేళ్ల వయసు నుంచీ సెలవు వచ్చిందంటే నాయన వెంట మందలోనే. గుట్టకు ఈ పక్క నిలబడి ఒక కేక వేస్తే ఆ పక్క మేస్తున్న గొర్రెలు తలలెత్తేవి. తిప్పయ్య రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి అరిచినా అంత దూరం పోయేది కాదు.

ముదిగుబ్బలో పదో తరగతి, కదిరిలో ఇంటరు అయ్యాయి. 1999లో ఊరి బడికి విద్యా వాలంటీరు కావలసి వచ్చినప్పుడు ఇంటరు దాటిన వాళ్లు ఊళ్లో ఆమె ఒక్కతే. బడి కమిటీ వాళ్లు పెద్దగా ఆలోచించలేదు. ధర్మవరం నుంచి రోజూ బస్సులో వచ్చిపోయే ఎర్రిస్వామి సారు మూడు, నాలుగు, ఐదు తరగతులు ఒక గదిలో పెట్టుకుని, ఒకటీ రెండూ ఇంకో గదిలో ఆమెకు అప్పగించాడు. నలభై మంది దాకా పిల్లలు.

ఆమె పాఠం చెప్పే తీరు తను నేర్చుకున్న తీరే. తను ఒక మాట అంటుంది, పిల్లలంతా కలిసి దాన్ని అందుకుంటారు. అక్షరాలు మొదలుకొని వాచకం చివరి పేజీ దాకా అంతా ఒక పాట. బడికి దిగువన వేరుశనగ చేలో కలుపు తీసే ఆడవాళ్లకు ఆ పాట వినబడేది. సిద్దమ్మ అనే ముసలామె నడుం ఎత్తి, "మా పిల్లోళ్లు బాగా చదువుతాండారే" అని పక్క వాళ్లకు చెప్పి మళ్లీ వంగేది. ఎర్రిస్వామి సారు కూడా, "నీ గొంతు ముందర నా క్లాసు యాడికి పోతాదమ్మా" అని నవ్వేవాడు.

రెండో ఏడు ఒకరోజు, పాతబట్టలు కొని అమ్మే జమాల్ సాబ్ కూతురు తబస్సుమ్ లేచి నిలబడి ఆవు పాఠం గడగడా చదివింది. వరుస కింద వేలు పెట్టి మరీ చదివింది. ఆంజినమ్మ దగ్గరికి పోయి చూస్తే ఆ పిల్ల చేతిలో తెరిచి ఉన్నది వాన పాఠం.

పేజీ సరిచేసి ఇచ్చింది గాని, ఆమెకు మనసు ఊరుకోలేదు. ఇంకో నలుగురిని పిలిచి, పేజీ మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగింది. నలుగురూ మొదటి వరుస నుంచి పాట ఎత్తుకున్నారు. ఇద్దరు ఆ మాట దగ్గరికి వచ్చి ఆగారు. ఇద్దరు ఆగకుండా దాటిపోయారు. ఇది చదవడం కాదని ఆమెకు ఆ పూటే అర్థమైంది. దాన్ని ఏం చేయాలో మాత్రం తెలియలేదు. తనకూ చిన్నప్పుడు ఇట్లాగే మొదలై ఎప్పుడో ఒకప్పుడు వచ్చింది, వీళ్లకూ వస్తుందిలే అనుకుని మరుసటి రోజు మళ్లీ పాట అందుకుంది.

2001లో వానలు మొహం చాటేశాయి. ఆషాఢం గాలికి పొలాల దుమ్మంతా లేచి బడి గదుల్లోకి వచ్చేది. శ్రావణంలో ఆమె గొంతు బొంగురుపోయింది. ఉప్పునీళ్లు పుక్కిలించింది, కరక్కాయ బుగ్గన పెట్టుకుంది, ముదిగుబ్బలో ఆరెంపీ డాక్టరు ఇచ్చిన మాత్రలు మింగింది. గొంతు తగ్గే కొద్దీ ఇంకా గట్టిగా అరిచింది. దీపావళి నాటికి నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. తిప్పయ్య ఆమెను అనంతపురంలో గొంతు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు.

డాక్టరు అద్దం పెట్టి చూసి, "ఏం పని చేస్తుంది ఈ అమ్మాయి?" అని అడిగాడు.

"బడిలో చెప్తాది సార్. చిన్న పిల్లోళ్లకు."

"గొంతులో తీగలు రెండూ వాచి, వాటి మీద చిన్న చిన్న కాయలు లేచినాయి. రెండు నెలలు ఒక్క మాట మాట్లాడకూడదు. గుసగుస కూడా వద్దు, దాంతో ఇంకా చెడుతుంది."

"మాట్లాడితే యేమైతాది సార్?"

"ఈ గొంతు ఇట్లే నిలిచిపోతుంది."

తిరుగు బస్సులో తండ్రీకూతుళ్లు పక్కపక్కన కూర్చున్నారు. బత్తలపల్లి దాటాక తిప్పయ్య, "గొర్రెలకైతే నేనుండా. బడికెవరుండారు?" అన్నాడు. 

వాలంటీర్లకు సెలవులు ఉండవు. పోకపోతే ఆ చోటు ఇంకొకరిది. కమిటీ చైర్మన్ జయరాముడి అన్న కోడలు జయంతి ఆ ఏడే ఇంటరు చదివి కాపురానికి వచ్చింది, ఇంట్లో ఖాళీగా ఉంది. ఈ సంగతి ఎర్రిస్వామి సారుకూ తెలుసు. ఆంజినమ్మ డాక్టరు మాటలన్నీ కాగితం మీద రాసి ఇస్తే చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నువ్వు రామ్మా. వచ్చి కూర్చో. ఒత్తులు దిద్దించు, ఎక్కాలు రాయించు. రెండు నెల్లు యెంతలో పోతాయి?"

మొదటి రోజు గది సంతలా అయింది. ఆమె బెత్తంతో బల్ల మీద కొట్టింది. పిల్లలు ఒక నిమిషం ఊరుకుని మళ్లీ మొదలుపెట్టారు. బోర్డు మీద 'కూర్చోండి' అని పెద్దగా రాసి చూపించింది. ముందు వరుసలో వాళ్లు దాన్ని చూసి, ఏదో పాఠం మొదలైందనుకుని, అంతా కలిసి అక్షరాలు పాడడం మొదలుపెట్టారు. రెండేళ్లు తను చెప్పిన చదువు అది. ఆమె ఒక్కొక్కరినీ రెక్క పట్టుకుని కూర్చోబెట్టింది. మధ్యాహ్నానికి చేతులు పీకాయి.

రెండో రోజు హాజరు పిలవడానికి వేరే దారి లేక బోర్డు మీద ఒక్కొక్క పేరూ రాస్తూ పోయింది. పేరు చూసుకుని లేచి నిలబడాలని సైగ చేసింది. మొదటి పేరు దగ్గర ఎవరూ లేవలేదు. పిల్లలు బోర్డు వైపు, ఒకరి మొహం వైపు ఒకరు చూసుకున్నారు. ఆమె ఆ పేరు గల పిల్లవాడి దగ్గరికి పోయి, చెయ్యి పట్టుకుని బోర్డు దగ్గరికి తెచ్చి, పేరు మీద వాడి వేలితోనే తడిమించింది. ఆ రోజు పేరు చూసి తమంతట తాము లేచిన వాళ్లు ముగ్గురు. హాజరుకే సగం పూట పట్టింది.

వారం తిరిగేసరికి తమ పేరు తెలియని పిల్ల లేదు. రెండో వారానికి ఒకరి పేర్లు ఒకరికి తెలిశాయి. పక్కవాడు లేవకపోతే మోచేత్తో పొడిచి, "ఒరేయ్, నీదే లేరా!" అనేవాళ్లు. 'తిప్పేస్వామి'లో మొదటి అక్షరమూ 'తిమ్మక్క'లో మొదటి అక్షరమూ ఒకటేనని కనిపెట్టింది తబస్సుమే. కనిపెట్టి, గట్టిగా అరిచి, బోర్డు దగ్గరికి పరిగెత్తి రెండింటినీ తాకింది.

ఆంజినమ్మకు అక్కడ దారి దొరికింది. ఊళ్లో పాత పెళ్లి పత్రికలు ఏరుకొచ్చి, తెల్లగా ఉన్న వెనక వైపు స్కెచ్ పెన్నుతో మాటలు రాసింది. 'రా.' 'ఎగురు.' 'తలుపు వెయ్యి.' 'నీళ్లు తాగిరా.' అట్ట ఎత్తి చూపిస్తుంది. ఎవరు ముందు చదివితే వాళ్లు ఆ పని చేయాలి. నీళ్ల అట్ట కోసం కొట్లాటలు అయ్యేవి. ఒకసారి 'గొర్రె మాదిరి అరువు' అని రాసి ఎత్తింది. కొంచెం సేపు గదిలో పెదాలు కదిలాయి. ఒక మూల నుంచి ఒక 'బ్యా' వచ్చింది, వెంటనే నలభై 'బ్యా'లు లేచాయి. పక్క గదిలోంచి ఎర్రిస్వామి సారు పరిగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. ఆంజినమ్మ నోరు మూసుకుని భుజాలు కదిలేలా నవ్వింది. ఆ రెండు నెలల్లో ఆ గదిలోంచి పెద్ద చప్పుడు వచ్చింది అప్పుడొక్కసారే.

ఒకరోజు 'నీ చెప్పులు ఎక్కడ ఉన్నాయి?' అని రాస్తే తబస్సుమ్ లేచి, "నీ చెప్పులు యాడుండాయి?" అని చదివింది. అంతకుముందైతే ఆంజినమ్మ సరిదిద్దేది. ఇప్పుడు దిద్దడానికి నోరు లేదు. ఆమె అట్ట వైపు, పిల్ల వైపు మార్చి మార్చి చూసింది. అట్ట మీద 'యాడ' అనే మాటే లేదు. ఆ పిల్ల రాసినదాన్ని మనసుకు ఎక్కించుకుని తన మాటలో చెప్పింది. వాన పాఠం ముందు పెట్టుకుని ఆవు పాఠం చదివిన పిల్ల ఈమే.

ఇంకో తమాషా కూడా జరిగింది. టీచరు మాట్లాడదు గనుక ఆమెతో మాట్లాడకూడదేమో అనుకున్నారు పిల్లలు. ఆమె చెవులకు ఏమీ కాలేదన్న సంగతి మరిచిపోయి, చెప్పవలసింది పలక మీద గిలికి తెచ్చి చూపించేవాళ్లు. ఒత్తులు ఉండవు, దీర్ఘాలు ఉండవు. 'కడుపు నపి.' 'వాడు గిచినాడు.' 'టిచర్ కొపమా.' ఆమె కింద సరైన మాట రాసి, జవాబు రాసి ఇచ్చేది. సాయంత్రానికి ఆమె చేతులు, చీర కుచ్చిళ్లు సుద్దపొడితో తెల్లబడేవి.

చేలల్లోకి మాత్రం పాట వినబడడం లేదు. సిద్దమ్మ ఒకరోజు కొడవలి చంకన పెట్టుకుని నేరుగా బడికి వచ్చింది.

"ఏమ్మా, పిల్లోళ్లను నిద్రపుచ్చుతాండావా? సద్దే లేదు!"

ఆంజినమ్మ గొంతు మీద చెయ్యి పెట్టి చూపించి, పిల్లల వైపు చూపించింది. సిద్దమ్మ పిల్లలను చూసింది. వాళ్లు అట్టలు ముందు వేసుకుని వంగి కూర్చున్నారు. ఆమె కంటికి అది పేకాటలా కనబడింది. ఊళ్లో అదే చెప్పింది.

జనవరిలో కమిటీ కూర్చుంది. బడి వరండాలో చాపలు వేశారు. జయరాముడు చెడ్డవాడేమీ కాదు. అతని చెల్లెలి మనవరాలు కూడా ఆ గదిలోనే చదువుతోంది. అతను నెమ్మదిగానే మొదలుపెట్టాడు.

"చూడమ్మా, నీ మీద మాకేం కోపం లేదు. గొంతు బాగైనంక రా, ఎవరొద్దంటారు? అంతవరకూ పిల్లోళ్ల గతేం గావల్ల?"

"ఇస్కూలంటే సద్దుండల్ల గదప్పా," అంది సిద్దమ్మ.

ఆంజినమ్మ పలక మీద రాసి జయరాముడికి ఇచ్చింది. అతను పైకి చదివాడు. "'పిల్లలు చదువుతాండారు. చూడండి.' సరేమ్మా, చూద్దాం. అదేం భాగ్యం?"

వరండా స్తంభం దగ్గర నిలబడి ఉన్న తబస్సుమ్‌ను పిలిచి, వాచకం తెరిచి చేతికి ఇచ్చాడు. రెండు నెలలుగా పిల్లలు ఆ పుస్తకం ముట్టలేదు. ఆంజినమ్మ తల ఎత్తి చూసింది. ఆవు పాఠం.

తబస్సుమ్ పుస్తకం దగ్గరగా పట్టుకుంది. పాట ఆ పిల్లకు ఇంకా నోటికి వచ్చే ఉంటుంది. కాని పాడలేదు. మొదటి మాట మీద వేలు పెట్టి, కూడబలుక్కుని, చదివింది. రెండో మాట చదివింది. మూడో మాటలో ఒత్తు దగ్గర ఆగింది, వెనక్కి పోయింది, మళ్లీ వచ్చింది. ఒక వాక్యం అయ్యేసరికి జయరాముడు బీడీ తీసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. రెండో వాక్యం సగంలో ఉండగా చెయ్యి ఎత్తాడు.

"చాల్లే పాపా." కమిటీ వైపు తిరిగాడు. "పోయినేడు ఈ పిల్లే నా ముందర ఇదే పాఠం గడగడా చెప్పినాది. ఇప్పుడు చూడండప్పా, తడుముకుంటాండాది. ఉన్నది గూడా పాయె."

ఎవరికీ అందులో తప్పు కనబడలేదు. ఎర్రిస్వామి సారు గొంతు సవరించుకుని, "అట్ల గాదు చైర్మనూ..." అన్నాడు గాని, ఎట్లాగో చెప్పే మాటలు అతనికీ దొరకలేదు. ఆంజినమ్మ పలక తుడిచి గబగబా రాసింది: 'అప్పుడు పాడింది. ఇప్పుడే చదివింది.' రాసి తల ఎత్తేసరికి జయరాముడు తువ్వాలు దులుపుకుని లేచాడు. సిద్దమ్మకు చదువు రాదు. పలక ఆమె చేతిలోంచి ఇంకో చేతికి పోయి, చివరికి చాప మీద మిగిలింది.

నోరు తెరిచి ఒక్క మాట అనాలని ఆంజినమ్మకు ఆ రోజు చాలా అనిపించింది. డాక్టరు చెప్పిన గడువు ఇంకా పది రోజులు ఉంది. ఆమె అనలేదు. మరుసటి సోమవారం నుంచి జయంతి బడికి పోయింది.

ఆంజినమ్మ నాయన వెంట గుట్టల్లోకి పోయింది. ఏడ్చిందని గాని, ఎవరినైనా తిట్టిందని గాని ఊళ్లో ఎవరూ చెప్పరు. మంద పక్కదారి పడితే గులకరాయి విసిరేది, లేదా లేచి తనే అడ్డం పోయేది. గడువు తీరాక మెల్లగా మాట్లాడడం మొదలుపెట్టింది. మాట వచ్చింది. కాని అది పక్కన కూర్చున్న మనిషికి సరిపోయే మాట. గుట్ట దాటే కేక మళ్లీ రాలేదు. ఒకటి రెండుసార్లు ప్రయత్నం చేస్తే గొర్రెలు తల ఎత్తలేదు.

"పోనీలే," అన్నాడు తిప్పయ్య. "అరిసేదానికి నేనుండా."

ఫిబ్రవరిలో ఒక ఆదివారం జయంతి తిప్పయ్య వాళ్ల గొర్రెల దొడ్డి దగ్గరికి వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. వచ్చి, గోడకు ఆనుకుని, చాలాసేపు గొర్రెపిల్లలను చూసింది.

"అక్కా, ఏం జేసినావు వాళ్లను?"

"ఏమైంది?"

"నేను పాట చెప్తే చెప్తారు. చెప్పినంక, 'టీచర్, రాయి' అంటారు. యేదన్నా అడిగితే పలక తెచ్చి రాసి చూపిస్తారు. నిన్న మా చైర్మన్ మామ ఇత్తనాల సంచి తెచ్చి బడి వరండాలో పెడితే, దాని మీద ఉండే రాతంతా జమాల్ సాబ్ కూతురు నిలబడి చదివినాది. 'పిల్లలకు అందకుండా ఉంచండి' అని గూడా చదివి, ఎనక్కి జరిగి నిలబడినాది. మా మామ సంచి తీసి లోపల పెట్టినాడు."

ఆంజినమ్మ లోపలికి పోయి, బిస్కెట్ల డబ్బాలో పెట్టిన పెళ్లి పత్రికల అట్టలన్నీ తెచ్చి జయంతి ఒళ్లో పెట్టింది. ఏది ముందు, ఏది వెనక, ఎవరి పేరు ఎవరి పేరుతో కలుస్తుంది అన్నీ చెప్పింది. జయంతి పొద్దువాలేదాకా కూర్చుని విన్నది.

జయంతి తెలివైన మనిషి. పొద్దున ఊళ్లో జనం చేలకు పోయే వేళ పిల్లలతో గట్టిగా పాట పాడించేది. ఆడవాళ్లంతా బడి దాటిపోయాక అట్టలు తీసేది. సిద్దమ్మ సంతోషపడింది. ఎండాకాలం సెలవులదాకా బడి అట్లాగే నడిచింది.

ఆ ఎండాకాలం ఊళ్లో చాలా ఇళ్లకు తాళాలు పడ్డాయి. బావుల్లో నీళ్లు అడుగంటి, పనులు లేక జనం బెంగళూరు పోయారు. జయంతి మొగుడు కూడా పోయాడు, వెంట ఆమె పోయింది. జూన్‌లో వాలంటీరు చోటు మళ్లీ ఖాళీ. ఆంజినమ్మ దరఖాస్తు పట్టుకుని జయరాముడి ఇంటికి పోయింది. అతను కాగితం పైనుంచి కిందిదాకా చూశాడు.

"గొంతు యెట్లుండాది?"

"ఉండాది చిన్నాయనా. పెద్దగా రాదు."

"పిల్లోళ్లకు వినబడతాదా?"

"వినబడకపోతే రాస్తా."

జయరాముడు సంతకం పెట్టాడు. జనవరిలో జరిగినదాని గురించి ఆ రోజు గాని, తర్వాత గాని, ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. పొద్దుటి పాటను ఆంజినమ్మ మాన్పించలేదు. తనకు పాడే గొంతు లేదు గనుక రోజుకొక పిల్ల ముందుండి పాడించేది.

రెండేళ్ల తర్వాత ఆమెకు టీటీసీలో సీటు వచ్చింది. చదువు మధ్యలోనే బత్తలపల్లి సంబంధం కుదిరి పెళ్లయింది. 2006 డీఎస్సీలో ఉద్యోగం వచ్చి, మడకశిర దగ్గర కన్నడ సరిహద్దు మీద ఉన్న ఒక ఊళ్లో ఒకటో తరగతి ఇచ్చారు. అక్కడి హెడ్మాస్టరు కేశవ సారు ముందే చెప్పాడు.

"ఇంట్లో అంతా కన్నడమే మేడం. దసరా దాకా మీరు చెప్పేది వాళ్లకు తలకెక్కదు. ఓపిక పట్టల్ల."

ఆంజినమ్మ కిటికీలోంచి బయట కనబడిన కోడి, పిల్లి, కుక్క, గొర్రె అన్నీ వేలితో చూపించి, వీటిని మీరేమంటారని పిల్లలను అడిగింది. వాళ్లు చెప్పినవి చెప్పినట్టు తెలుగు అక్షరాల్లో బోర్డు మీద రాసింది. కోళి. బెక్కు. నాయి. కురి. కురి అంటే గొర్రె అని ఆమెకు ముందే తెలుసు. సంతల్లో మందలు కొనడానికి వచ్చే కన్నడం వాళ్ల నోట ఎన్నోసార్లు విన్నదే. తమ మాట బోర్డు మీద కనబడేసరికి పిల్లలు ఇంకా ఇంకా చెప్పారు. బోర్డు నిండిపోతే తలుపు మీద కూడా రాసింది. కేశవ సారు వచ్చి, తలుపు చూసి వెళ్లిపోయాడు.

ఆ పిల్లలు తెలుగు వాక్యం చదవడానికి దసరా చాలలేదు. ఉగాది దాకా పట్టింది. అప్పటికి ఆమె కన్నడం మడకశిర సంతలో వంకాయలు బేరమాడేంత అయింది.